తలసరి లెక్కలో అమ్మ

పొద్దున ఏడింటికి ఆ ఇంట్లో రెండు పనులు ఒకేసారి జరుగుతుంటాయి. ముందుగదిలో మంచం మీదున్న నాన్నని అమ్మ పక్కకి తిప్పుతుంటుంది. వంటింటి గుమ్మం పక్కన చిన్న బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కూతురు దేశాలని పైకీ కిందకీ జరుపుతుంటుంది.

దేశాలని జరపడమే ఆమె ఉద్యోగం. ఆరోగ్యశాఖ గణాంకాల ఆఫీసులో పన్నెండేళ్ళుగా పనిచేస్తోంది. ఏ దేశం ఒక్కో మనిషి వైద్యానికి ఏడాదికి ఎంత ఖర్చు పెడుతోంది, అక్కడి జనం ఎన్నేళ్ళు బతుకుతున్నారు, ఈ రెండూ పక్కపక్కన పెట్టి పట్టిక తయారుచేస్తుంది. చిన్నప్పుడు కొట్టువాడు చిల్లర తక్కువిస్తే గల్లాపెట్టె ముందే నిలేసిందని నాన్న ఆమెకి లెక్కలమ్మ అని పేరు పెట్టాడు. ఆ పేరే స్థిరపడిపోయింది. ఇప్పుడు ఆ పేరు పలకడం నాన్న వల్ల కాదు. రెండేళ్ళ కిందట పక్షవాతంతో కుడివైపంతా పడిపోయింది. ముప్ఫయ్యేళ్ళు బస్సు డ్రైవరుగా జనాన్ని ఊరంతా తిప్పిన మనిషిని ఇప్పుడు రెండు గంటలకోసారి ఎవరో ఒకరు పక్కకి తిప్పాలి. ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ అమ్మే.

"అమ్మా, ఈసారి మనం ఎక్కడున్నామో తెలుసా? మనకంటే ఆరు రెట్లు ఖర్చు పెట్టే దేశంలో జనం మనకంటే రెండేళ్ళే ఎక్కువ బతుకుతున్నారు!"

"కాస్త వచ్చి నాన్న కాలు పట్టుకో."

"ఒక్క నిమిషం. అంటే తక్కువ డబ్బుతో మనం ఎంత బాగా నెట్టుకొస్తున్నామో చూడు. మా డైరెక్టరుగారు ఉబ్బి తబ్బిబ్బయిపోతున్నారు."

"నెట్టుకొస్తున్నాం సరే, నెట్టేదెవరో!" అంటూ అమ్మ దుప్పటి మడత పట్టుకుని ఒక్క ఊపున లాగింది. నాన్న గోడవైపు తిరిగాడు. లెక్కలమ్మ చెప్పిన నిమిషం ఇంకా అయిపోలేదు.

నెల తిరిగేసరికి ఆ పట్టిక ఇంటికే వచ్చింది, వేరే రూపంలో.

మంగళవారం, శుక్రవారం ఒక నర్సు ఇంటికొచ్చి నాన్నని చూసి వెళ్తుండేది. మూత్రం గొట్టం మార్చడం, వీపు మీద పుండ్లు పడుతున్నాయేమో చూడటం, చచ్చుబడిన చేతికి వ్యాయామం చేయించడం ఆవిడ పనులు. ఆవిడ ఉన్న ఆ గంటలోనే అమ్మ స్నానం చేసేది, బజారుకి పరుగెత్తేది. ఒక బుధవారం లెక్కలమ్మ ఆఫీసు నుంచి వచ్చేసరికి అమ్మ గుమ్మంలోనే కూర్చుని ఉంది, చేతిలో ఒక ఉత్తరం.

"చెప్పులు తర్వాత విప్పుదువుగాని, ముందు ఇది విను," అంది అమ్మ. ఒక్కో మాటా నొక్కి చదివింది. "ఇతర దేశాలతో పోల్చిచూడగా, మన కుటుంబాలు ఇంటివద్ద రోగుల సంరక్షణను తక్కువ వ్యయంతో సమర్థంగా నిర్వహిస్తున్నట్లు తేలినందున, ఇంటింటి నర్సు సేవలను వచ్చే నెల ఒకటో తేదీ నుంచి నిలిపివేయడమైనది." కాగితం దించింది. "ఇలా పోల్చిచూసింది ఎవరే?"

లెక్కలమ్మ ఉత్తరం అందుకుని ఆ వాక్యం మళ్ళీ చదివింది. "అమ్మా, పట్టిక నాదే. ఈ నిర్ణయం నాది కాదు."

"మరి సమర్థంగా నిర్వహిస్తున్న ఆ కుటుంబం పేరేంటి? ఈ ఇంట్లో నలుగురం ఉన్నాం. నువ్వు దేశాలు చూస్తావు, నీ తమ్ముడు ప్రింటింగ్ ప్రెస్సు చూస్తాడు, మీ నాన్న పైకప్పు చూస్తాడు. ఇక మిగిలిందెవరు?"

"అంకెలు తప్పు కాదమ్మా..."

"తప్పని నేనన్నానా? నీ లెక్క ఎప్పుడూ తప్పదు. ఆ లెక్కలో నేనెక్కడున్నానో చూపించు, చాలు. మీ నాన్నమ్మకి నాలుగేళ్ళు చేశాను. మీ నాన్నకి రెండేళ్ళ నుంచి చేస్తున్నాను. ఏ దేశం పక్కన రాశావు నన్ను?"

ల్యాప్‌టాప్ తెరిస్తే నూట ఎనభై దేశాలున్నాయి. అమ్మకి చూపించడానికి ఒక్క గడి లేదు.

అమ్మ లేచింది. "రేపు పొద్దున మీ పిన్ని దగ్గరికి పోతున్నాను. శనివారం సాయంత్రం వస్తాను. ఈ మూడు రోజులూ నువ్వు సమర్థంగా నిర్వహించు."

"నాకు సోమవారం పెద్ద మీటింగుందమ్మా!"

"నాకు రెండు గంటలకో మీటింగుంటుంది. ఎప్పుడైనా మానేశానా?"

బెదిరింపేలే అనుకుంది లెక్కలమ్మ. పొద్దున ఆరున్నరకి అమ్మ చేతిసంచీ భుజాన వేసుకుని, నాన్న నుదుటి మీద చెయ్యి పెట్టి చెవిలో ఏదో చెప్పి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది. నాన్న ఎడమ పెదవి కొద్దిగా వంకర తిరిగింది. నవ్వాడని ఒట్టేసి చెప్పగలదు లెక్కలమ్మ.

సెలవు పెట్టక తప్పలేదు. మొదటిరోజు మాత్రలు పొడి చేసి జావలో కలిపి పట్టించడానికి గంటా పావు పట్టింది. సగం మెడ మీదికి కారింది. మంచం తడిసింది. మనిషి మీదుండగా దుప్పటి మార్చడం ఎలాగో తెలియక తమ్ముణ్ణి పిలిచింది.

"అక్కా, ప్రెస్సులో అర్జెంటు పని..." అంటూ వాడు చొక్కా తొడుక్కోబోయాడు.

"అడుగు బయటపెట్టావంటే కాళ్ళు విరగ్గొడతాను. మంచం అటుపక్కకి రా!"

ఇద్దరూ కలిసి తిప్పబోతే నాన్న మూలిగాడు. ఇద్దరూ భయపడి ఒకేసారి వదిలేశారు. అమ్మ ఒక్కతే ఒక్క ఊపున చేసే పని. నాన్న ఎడమచేత్తో దుప్పటి కొస పట్టుకుని కళ్ళతో చూపించాడు, ఎక్కడ మడవాలో, ఎక్కడ పట్టుకోవాలో. బస్సు వెనక్కి తీసేటప్పుడు కండక్టరుకి సైగ చేసినట్టు వేళ్ళాడించాడు. మూడోసారికి కుదిరింది. తమ్ముడు చెమట తుడుచుకుంటూ, "అమ్మ దీన్ని రోజుకి ఎన్నిసార్లు చేస్తుందే?" అన్నాడు. లెక్కలమ్మకి ఆ లెక్క తెలియదు.

శుక్రవారం మధ్యాహ్నం డైరెక్టరుగారు ఫోను చేశారు. సోమవారం మీటింగయ్యాక అచ్చుకి వెళ్ళే పట్టికలో రంగులు మార్చాలట, మన దేశం వరుస ఆకుపచ్చలో మెరవాలట. మాట్లాడుతూ మాట్లాడుతూ నాన్నని తిప్పాల్సిన వేళ మరిచిపోయింది. నర్సు వచ్చి నాన్న పంచె తొలగించి చూసింది. తుంటి మీద అరచేయంత మేర చర్మం ఎర్రగా కందిపోయింది.

"ఎంతసేపయింది తిప్పి?"

లెక్కలమ్మ గోడ గడియారం వైపు చూసింది.

"పుండు పడలేదు, అదృష్టం," అంది నర్సు మందు రాస్తూ. "రెండేళ్ళలో మీ అమ్మగారు ఇంతవరకు రానివ్వలేదు. నేను వెళ్ళే ఇళ్ళలో సగం మందికి వీపు మీద గుంటలే. వాళ్ళని చివరికి ఆస్పత్రిలో చేర్చాల్సిందే, నెలలకి నెలలు. వచ్చే నెల నుంచి నేను కూడా రాను. జాగ్రత్తమ్మా."

నర్సు వెళ్ళాక లెక్కలమ్మ మంచం పక్కనే నేల మీద కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచింది. మొట్టమొదటి వరుసలో, అందరికంటే ఎక్కువ ఖర్చు పెట్టే దేశం. ఆ అంకెని విప్పి ఒక్కో భాగం చూసుకుంటూ వెళ్ళింది. ఆస్పత్రులు, మందులు, డాక్టర్లు. ఆ తర్వాత, ఇంటికొచ్చి మంచాన పడ్డవాళ్ళని చూసుకునే మనుషుల జీతాలు. చిన్న మొత్తమేం కాదు. వెంటనే తన దేశం వరుసలో అదే గడికి వచ్చింది. అక్కడ అంకె లేదు, చిన్న గీత ఉంది. సమాచారం లేనప్పుడు గీత పెట్టాలని ఆఫీసు పద్ధతి. పన్నెండేళ్ళుగా ఆ గీత పెడుతున్నది తనే. గీత పెట్టి, కూడిక చేసి, మనకి తక్కువ ఖర్చవుతోందని సంబరపడింది. అక్కడ జీతం పుచ్చుకుని చేస్తే ఖర్చు. ఇక్కడ అమ్మ చేస్తే గీత.

శనివారం మధ్యాహ్నం పిన్ని ఫోను చేసింది. "మీ అమ్మ బయల్దేరింది. వచ్చిందగ్గర్నుంచి నడుం కింద వేడినీళ్ళ సంచీ పెట్టుకుని పడుకునే ఉందే. లేవాలంటే గోడ పట్టుకోవాల్సి వస్తోంది. ఏడాదిగా ఇంతేనట. మీకెవరికీ చెప్పొద్దని నాతో ఒట్టేయించుకుంది. ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టి చెప్తున్నాను."

అమ్మ గుమ్మంలోకి రాగానే లెక్కలమ్మ వెళ్ళి పట్టుకుంది. తుంటి మీద ఎరుపు సంగతి, గీత సంగతి, నడుం సంగతి తెలిసిపోయిందన్న సంగతి, అన్నీ కలగాపులగంగా చెప్పేసి భోరుమంది. అమ్మ ఆమె తల నిమిరి పక్కకి జరిపి, ముందు వెళ్ళి నాన్న తుంటి చూసింది. తర్వాత వచ్చి కూర్చుంది.

"ఏడ్చింది చాలు. నువ్వేడిస్తే ఆ గీత పోతుందా?"

"పోదు."

"మరి ఏం చేస్తే పోతుందో అది చెయ్యి. నేను ఇల్లొదిలి మూడు రోజులు పోయొచ్చానే! పెళ్ళయిన నలభై ఏళ్ళలో ఎప్పుడైనా పోయానా? నీకు ఆఫీసులో నోరు తెరవడం అంతకంటే కష్టమా?"

సోమవారం మీటింగులో పై ఆఫీసు నుంచి వచ్చిన కార్యదర్శిగారు పట్టిక చూసి తలాడించారు. డైరెక్టరుగారు వివరించమన్నారు. లెక్కలమ్మ లేచి నిలబడింది.

"సార్, ఈ అంకెల్లో ఏదీ తప్పు కాదు. వీటిని ఇలా పక్కపక్కన పెట్టడం తప్పు. ఆ తప్పు నేనే చేశాను. మొదటి వరుసలోని దేశం ఇంటి సంరక్షణకి జీతాలిచ్చి ఖర్చులో కలుపుతోంది. మనం ఆ పని ఇంట్లోవాళ్ళతో ఊరికే చేయించుకుని గీత పెడుతున్నాం. ఆ గీత చూసి నర్సుల్ని తీసేశారు."

కార్యదర్శిగారు కళ్ళజోడు తీసి నవ్వారు. "సొంతవాళ్ళకి చేసే సేవని ఖర్చంటే ఎలాగమ్మా? అది ప్రేమ."

"మా అమ్మ ప్రేమ మీద నాకు అనుమానం లేదు సార్. ప్రేమ ఉంది కదా అని నర్సుని మానిపించడం మీదే ఉంది."

డైరెక్టరుగారి ముఖం కందగడ్డయింది. "ఇంటి గోడు ఆఫీసులో పెట్టకు. కూర్చో."

"కూర్చోను సార్. ఈ గీత అంటే ఏమిటో పట్టిక కింద నాలుగు వాక్యాల్లో రాశాను. అది వేస్తే నా సంతకం ఉంటుంది. వెయ్యకపోతే నా సంతకం లేకుండా అచ్చేసుకోండి."

"ఉద్యోగం మీద ఆశ ఉందా లేదా నీకు?"

"ఉంది సార్. అందుకే సరిగ్గా చేద్దామనుకుంటున్నాను."

పట్టిక ఆమె సంతకం లేకుండానే అచ్చయింది, ఆ నాలుగు వాక్యాలు లేకుండా. వారం తిరక్కుండా ఆమెని కింది అంతస్తులో పాత దస్త్రాల విభాగంలో పడేశారు, కిటికీ కూడా లేని గది. ఆమె ఆ నాలుగు వాక్యాలూ విడిగా ఒక కాగితం మీద రాసి ఇంటికి తెచ్చింది. తమ్ముడు వాటిని ప్రెస్సులో మూడొందల కాపీలు కొట్టాడు. నర్సు, ఆవిడ తోటి నర్సులు తాము వెళ్ళే ప్రతి ఇంటికీ ఒకటి తీసుకెళ్ళారు. కింద ప్రతివాళ్ళూ రాశారు, రోజుకి ఎన్ని గంటలు, ఎన్నేళ్ళుగా, ఎవరికి. నిండిన కాగితాలు రెండొందల నలభై తిరిగొచ్చాయి. నాలుగైదు తప్ప అన్నీ ఆడవాళ్ళ చేతిరాతే. అమ్మా లెక్కలమ్మా కలిసి వాటిని పై ఆఫీసుకి పట్టుకెళ్ళి, రసీదు ఇచ్చేదాకా బల్ల దగ్గర్నుంచి కదల్లేదు. నెలన్నరకి కొత్త ఉత్తరం వచ్చింది. నర్సు వారానికి రెండుసార్లు రాదు, ఒకసారి వస్తుంది.

"సగమే ఇచ్చారు," అంది లెక్కలమ్మ.

"మిగతా సగానికి మళ్ళీ వెళ్దాం. దారి తెలిసింది కదా," అంది అమ్మ.

నర్సు వచ్చిన మొదటి శుక్రవారం తమ్ముడు ఇంట్లో ఉండిపోయాడు, ఎవరూ అడక్కుండానే. లెక్కలమ్మ అమ్మని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. వద్దు వద్దంటూనే వచ్చింది అమ్మ. వరుసలో గంటన్నర కూర్చున్నాక లోపలికి పిలిచారు. డాక్టరమ్మ అమ్మని బోర్లా పడుకోబెట్టి వెన్ను మీద వేళ్ళతో నొక్కింది. ఒకచోట అమ్మ పళ్ళు బిగబట్టింది.

"చాలా రోజుల నొప్పి ఇది. ఇంతకుముందు ఎక్కడ చూపించుకున్నారు?"

"ఎక్కడా లేదు."

"పోనీ, ఆస్పత్రికి చివరిసారి ఎప్పుడొచ్చారు? మీ కోసం?"

"చిన్నాడు పుట్టినప్పుడు."

"వాడికిప్పుడు ఎన్నేళ్ళు?"

"ముప్ఫై ఒకటి."

లెక్కలమ్మ గోడవైపు తిరిగింది. ముప్ఫై ఒక్క ఏళ్ళు. ప్రతి ఏడాదీ పట్టికలో తలకింత అని దేశం ఖర్చు పెట్టిన ప్రతిసారీ ఆ తలల్లో అమ్మ తల కూడా ఉంది, ఆమె కోసం పైసా ఖర్చు కాకుండానే. ఎంత బిగపట్టుకున్నా భుజాలు కదిలిపోతున్నాయి.

వెనక నుంచి అమ్మ గొంతు వినిపించింది, ఎప్పటిలాగే గట్టిగా.

"డాక్టరుగారూ, అది అలాగే ఏడుస్తుంది, మీరు పట్టించుకోకండి. రక్తం, ఎక్స్‌రే, కళ్ళు, ఇంకా ఏమేం ఉన్నాయో అన్నీ రాసెయ్యండి. ఏదీ వదలొద్దు. ముప్ఫై ఒక్క ఏళ్ళ బాకీ ఉంది నాకు ఇక్కడ."

లెక్కలమ్మ ఏడుస్తూనే నవ్వేసింది. ముఖం తుడుచుకుని వచ్చి, అమ్మ నడుం కింద చెయ్యి వేసి, నొప్పి తగలకుండా ఒక్క ఊపున పైకి లేపింది.