గాటు పెట్టిన చీటీ

లంచ్ బెల్ కొట్టి చాలాసేపయింది. పిల్లలందరూ బయట ఆడుకుంటున్నారు. గలగల మాత్రం క్లాసులోనే కూర్చుని తెల్లకాగితాలు కత్తిరిస్తోంది.

ఆ పేరు ఎవరు పెట్టారో గానీ సరిగ్గా సరిపోయింది. నిద్రలో తప్ప ఆ పిల్ల నోరు మూతపడదు. అలాంటిది ఇంతసేపటి నుంచి నోరు మూసుకుని ఉందంటే, ఏదో విషయం ఉన్నట్టే.

క్లాసుకు కొత్తగా పుస్తకాల బీరువా వచ్చింది. దాని తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలో ఈ మధ్యాహ్నం తేలిపోతుంది. పోటీలో ఉన్నది గలగల, నిచ్చెన. నిచ్చెన అంటే క్లాసులో అందరికన్నా పొడుగైన అబ్బాయి. పై అర పుస్తకాలు వాడికైతేనే అందుతాయని వాడి స్నేహితులు పొద్దుటి నుంచీ ఒకటే ప్రచారం.

"చేతులెత్తి చెప్పేస్తాం టీచర్!" అన్నారు పొద్దున పిల్లలు.

"అలాగైతే పక్కవాళ్ళని చూసి మీరూ ఎత్తుతారు. చీటీ మీద పేరు రాసి, మడిచి, డబ్బాలో వేయండి. ఎవరు ఎవరికి వేశారో నాక్కూడా తెలియకూడదు" అన్నారు టీచర్.

గలగల వాళ్ళమ్మ బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేస్తుంది. కూతురికీ కత్తెర బాగా లొంగుతుంది. అందుకే చీటీలు కత్తిరించే పని టీచర్ ఆ పిల్లకే అప్పగించారు.

నిజానికి గలగలకు తాళంచెవి మీద అంత మోజేమీ లేదు. కావలసిందల్లా ఒక్కటే. నిదానం ఓటు.

నిదానం గలగల ప్రాణస్నేహితురాలు. ఏ పనైనా తాపీగా చేస్తుంది. లంచ్ బాక్స్ మూత తీసేసరికి సగం మంది తినేసి చేతులు కడుక్కుంటూ ఉంటారు. ఒకటో తరగతి నుంచీ ఇద్దరిదీ ఒకటే బెంచీ, ఇంటికి ఒకటే దారి. ఒకరు మాట్లాడేవారు, ఒకరు వినేవారు. ఇక గొడవెందుకు వస్తుంది?

ఈ ఏడాది టీచర్ బెంచీలు మార్చారు. నిదానం కిటికీ వైపు వెళ్ళిపోయింది. అక్కడ ఇంకో అమ్మాయితో నవ్వుతూ ఉంటుంది, ఇంటికీ ఆ అమ్మాయితోనే వెళుతుంది. ఆ నవ్వు వినపడినప్పుడల్లా గలగల చెప్పే మాట మధ్యలో ఆపి అటు తిరిగి చూస్తుంది. తన పక్కన కూర్చునే కొత్త పిల్ల కూడా మంచిదే. కానీ నిదానం కాదు కదా.

'నేనంటే దానికి ఇంకా ఇష్టమేనా?'

అందరినీ అన్నీ అడిగే పిల్ల, ఆ ఒక్క మాటా అడగలేకపోయింది.

అప్పుడు అమ్మ చేసే పని ఒకటి గుర్తొచ్చింది. ఏ ముక్కను ఏ ముక్కతో కలిపి కుట్టాలో తెలియడానికి, అమ్మ బట్ట అంచున కత్తెర మొనతో చిన్న గాటు పెడుతుంది. తెలిసినవాళ్ళకే అది కనిపిస్తుంది. గలగల తలుపు వైపు చూసింది. ఎవరూ లేరు. ఒక చీటీ అంచున చిన్న గాటు పెట్టింది.

పంచేటప్పుడు ఆ చీటీని నిదానం చేతిలో పెట్టింది.

టీచర్ ఒక్కో చీటీ విప్పి, పేరు చదివి, బల్ల మీద రెండు వరసలుగా పేర్చారు. గలగల గెలిచింది. ముందు బెంచీలు, వెనక బెంచీలు ఒకటే చప్పట్లు. గలగలకు అవేవీ వినపడలేదు. తాళంచెవి తీసుకోవడానికి బల్ల దగ్గరికి వెళ్ళేసరికి, గాటు ఉన్న చీటీ నిచ్చెన వరసలో కనిపించింది.

సాయంత్రం గేటు దగ్గర నిదానాన్ని ఆపింది.

"నిచ్చెనకి వేశావు కదూ?"

నిదానం ముఖం పాలిపోయింది. "నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పక్కర్లేదు. నాకు తెలుసు."

"టీచర్‌కి కూడా తెలీదన్నారు కదా!" నిదానం కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఎవరికీ తెలీదన్నారనే నాకు అనిపించింది రాశాను. నువ్వెలా చూశావ్?"

నిదానం ఎప్పుడూ లేనంత వేగంగా నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

ఇంటికి వచ్చాక గలగల అమ్మకు తాళంచెవి చూపించింది.

"అబ్బో! ఇక మేడంగారి సెలవు లేనిదే పుస్తకం కూడా కదలదన్నమాట" అంది అమ్మ. కూతురు నవ్వలేదు. అమ్మ నొప్పెడుతున్న వేళ్ళు నొక్కుకుంటూ, "రేపు మాకూ ఓట్లేనే" అంది.

"మీకెందుకు?"

"మా అందరి తరఫునా ఓనర్‌తో మాట్లాడే మనిషి కావాలి కదా. పోయినసారి చేతులెత్తమన్నారు. సూపర్‌వైజర్ ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నాకు కాలర్లు కుట్టడం నేర్పిన అక్క పోటీకి నిలబడింది. ఆవిడకే ఎత్తాలని ఎంత ఉందో! చెయ్యి మాత్రం ఒళ్ళోనే ఉండిపోయింది."

"ఎత్తితే ఏమయ్యేది?"

"ఎత్తినవాళ్ళని మర్నాడే మిషన్ల దగ్గర నుంచి లేపేశారు. రోజంతా నిలబడి దారాలు కత్తిరించే పనిలో వేశారు."

"అక్క నీ మీద కోప్పడిందా?"

"ఒక్క మాట కూడా అనలేదు. అదే నాకు ఇంకా బాధ. ఇప్పటికీ ఆవిడ ముఖం నేరుగా చూడలేను." అమ్మ మళ్ళీ వేళ్ళు నొక్కుకుంది. "రేపు తెర కడతారట. దాని వెనక్కి వెళ్ళి చీటీ మీద గుర్తు వేసి రావాలి. నా మనసులో ఉన్నది ఒక్కసారైనా చెప్పాలని ఎన్నాళ్ళ నుంచి ఉందో నాకు. కానీ ఎవరి చీటీ ఏదో తెలిసేలా ముందే ఏదో చేసి ఇస్తారని ఒకామె అంటోంది. అదే నిజమైతే తెర కట్టీ దండగే."

గలగల అరచేతిలో తాళంచెవి చెమటకు తడిసిపోయింది.

"అలా చేసేవాళ్ళు చాలా చెడ్డవాళ్ళా అమ్మా?"

"ఏమో, వాళ్ళ సంగతి నాకేం తెలుసు? నాకు మాత్రం భయం వేస్తుంది."

పాలిపోయిన నిదానం ముఖం గలగల కళ్ళ ముందు నుంచి కదల్లేదు.

మర్నాడు పొద్దున్నే గలగల టీచర్ బల్ల మీద తాళంచెవి పెట్టింది. జరిగిందంతా చెప్పింది. టీచర్ తాళంచెవి చేతిలోకి తీసుకున్నారు.

"గాటు పెట్టడం అమ్మ నేర్పిందా?"

"బట్టలకి పెట్టడం అమ్మ నేర్పింది టీచర్. చీటీకి నేనే పెట్టాను."

"సరే, మళ్ళీ ఓట్లు వేయిద్దాం. ఎందుకని అడిగితే క్లాసుకి ఏం చెప్పమంటావు?"

"నేనే చెబుతాను టీచర్."

చెప్పడం అనుకున్నంత తేలిక కాలేదు. ఒక చీటీకి గుర్తు పెట్టానని అనగానే, "మోసం! మోసం!" అని నిచ్చెన స్నేహితులు బల్లలు బాదారు.

"ఎవరి చీటీకి పెట్టావ్?" అని ఎవరో అరిచారు.

"అది చెప్పను."

"చెప్పు! చెప్పి తీరాలి!"

బుజ్జగించారు, బెదిరించారు, ఏడిపించారు. గలగల పెదవి విప్పలేదు. ఆ పిల్లకు నోరు మూసుకోవడం కూడా వచ్చని క్లాసుకు ఆరోజే తెలిసింది. కిటికీ పక్కన నిదానం తల వంచుకుని కూర్చుంది.

ఈసారి చీటీలు టీచరే చింపారు. గలగల తన చీటీ రాస్తూ, అమ్మ కూడా ఈపాటికి తెర వెనక నిలబడి ఉంటుందనుకుంది. అక్కడి చీటీలకు ఏ గుర్తూ ఉండకూడదని గట్టిగా కోరుకుంది.

నిచ్చెన గెలిచాడు. తాళంచెవి గాలిలోకి ఎగరేసి పట్టుకున్నాడు. గలగలకు ఏడుపొచ్చినంత పనయింది. అయినా చప్పట్లు కొట్టింది.

బడి వదిలాక నిదానం వెనకాలే వచ్చింది. బ్యాగు సర్దుకుంది. రిబ్బను సర్దుకుంది. అప్పుడు గానీ మాట బయటికి రాలేదు.

"నిన్న నేనెందుకలా వేశానంటే... ఇవాళైతే మాత్రం నేను..."

వినాలని గలగలకు ఎంత ఉందో! ఇన్ని రోజులుగా మనసంతా ఆ మాట మీదే ఉంది. ఇంకొక్క క్షణం ఆగితే చాలు, అంతా తెలిసిపోతుంది.

గలగల చటుక్కున నిదానం నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దు. చెప్పకు. అది నీ దగ్గరే ఉండనీ."

నిదానం కళ్ళు పెద్దవి చేసి చూసింది. గలగల చెయ్యి తీసేసింది. ఇన్నాళ్ళూ గొంతులోనే ఆగిపోయిన మాట అప్పుడు అడిగింది.

"నీతో మాట్లాడక నాకేం బాగాలేదు. రేపటి నుంచి మళ్ళీ కలిసి నడిచి వెళదామా? నీకిష్టమైతేనే."

నిదానం మళ్ళీ రిబ్బను సర్దుకుంది. ఏ జవాబైనా తాపీగానే చెప్పే పిల్ల. గలగల నోరెత్తకుండా పక్కనే నిలబడి ఎదురుచూసింది.