తాళం ఇవ్వని యంత్రం

"ఈ గాజుపలక మీద అరచెయ్యి పెట్టండి, సింహాద్రిగారూ," అంది డాక్టర్ వకుళ.

డ్రైవర్ సింహాద్రి పెట్టాడు. విశాఖ శివార్లలో ఫ్యాక్టరీ బస్సుల షెడ్డు అది. నిన్ననే అతని పెళ్లాం పెద్దకర్మ అయింది. పిల్లల్లేరు గనక అన్నీ తనే చేసి, గుండుతో డ్యూటీకి వచ్చాడు.

ఊదిస్తే తాగినవాణ్ణి పట్టే యంత్రం మనకి తెలిసిందే. అదేం గొప్ప, తాగాక ఎవరైనా పట్టుకుంటారు! వకుళ తయారుచేసిన సెన్సర్ తాగబోయేవాణ్ణి పడుతుంది. పాత కేసులు, స్పీడు చలానాలు, కొట్లాటలు, నిద్ర, నాడి, ఇంట్లో ఎవరెవరున్నారు, అన్నీ కలిపి, నెల రోజుల్లో తాగి బండెక్కే ప్రమాదం నూటికెంతో చెబుతుంది. అరవై దాటితే బండి తాళం రాదు. తాగి నడిపి రెండు కేసులు పడ్డ డ్రైవర్లకే ఈ పరీక్ష. సింహాద్రికి ఆరేళ్ల కిందట పడ్డాయి. ఆ తర్వాత చుక్క ముట్టలేదు.

ఎర్ర దీపం వెలిగింది. ఎనభై ఒకటి.

"అదేటి మేడమ్! మొన్నటిదాకా ఇరవయ్యే కదేటి?"

"మీకు నిద్ర లేదు. ఇంట్లో ఒంటరిగా ఉన్నారు. మీ మంచికేనండి, మూడు నెలలు ఇంటిపట్టున ఉండండి."

"ఇంటికాడా?" నవ్వబోయాడు పాపం, నవ్వు రాలేదు. "ఆ ఇంట్లో నానేటి సెయ్యాల మేడమ్? పొద్దున్నే బండెక్కాల, నలభై మంది పానాలు నా సేతిలో ఉన్నాయనే కదా ఇన్నాళ్లూ ముట్టనేదు. ఆ బండే నన్ను ఆపింది. ఆ ముక్క మీ మిసనుకి సెప్పండి."

వకుళ యంత్రమంతా వెతికింది. మనిషిని తాగించే కారణాలకి ముప్పై నాలుగు గడులున్నాయి. ఆపేవాటికి ఒక్కటీ లేదు. ఆ సంగతి తనకి ఇన్నేళ్లూ తట్టనే లేదు. అయినా నలభై మంది ప్రాణాలాయె, తాళం ఇవ్వడానికి ఆమెకి చెయ్యి రాలేదు.

ఇరవై మూడో రోజు మధ్యాహ్నం సింహాద్రి ఎవరిదో మోపెడ్ అడిగి తీసుకుని, పూటుగా తాగి, డివైడర్‌ని గుద్దుకుని చనిపోయాడు. షెడ్డుకే వస్తున్నాడట. ఒంటి మీద యూనిఫారం ఉంది.

అయ్యో, ఏమని చెప్పమంటారు! కబురు అందగానే యంత్రం తెర మీద అడిగింది: "అంచనా నిజమైందా?"

వకుళ ఏడుస్తూనే "అవును" నొక్కింది. అబద్ధం కాదు కదా మరి. యంత్రం తనకి తనే ఒక మార్కు వేసుకుని, "కారణం?" అంది.

"తాళం ఇవ్వకపోవడం" అని టైపు చేసింది వకుళ.

ఆ మాట జాబితాలో లేదనీ, ఉన్న ముప్పై నాలుగింట్లో ఏదో ఒకటి ఎంచుకోమనీ చెప్పింది యంత్రం.