డేగ వెనక సీటు

సుమంత్‌ని చంపడానికి శత్రువులకు తుపాకీ అవసరం కాలేదు. చిన్న పంపు ఒకటి ఆగిపోతే సరిపోయింది.

అది ఎలక్ట్రిక్ రేసింగ్ విమానంలో బ్యాటరీని చల్లబరిచే పంపు. కారంపూడి మిరప చేల మీద ఫుల్ స్పీడులో ఉండగా ఆగింది. బ్యాటరీ అంటుకుంది. పైలట్ సుమంత్ గాల్లోనే కాలిపోయాడు. కాయలు కోస్తున్న కూలీలు పరుగెత్తుకొచ్చేసరికి కాపాడటానికి ఏమీ మిగల్లేదు.

నెల తర్వాత గురజాల లాడ్జిలో చీఫ్ త్రికోటేశ్వరరావు సీక్రెట్ ఏజెంట్ బెంజిమిన్‌ని పిలిపించాడు.

"రెండో విమానం డేగ. రేపు టెస్ట్ ఫ్లైట్. పైలట్ సుమంత్ చెల్లెలు కావ్య. ఇదీ కాలిందంటే టీమ్ దివాలా. మోటార్ డిజైన్‌ని విదేశీ ముఠా తుక్కు రేటుకి కొనేస్తుంది."

"లోపలి మనిషెవరు?"

"బ్యాటరీ ముట్టుకునేది ఇద్దరే. చరణ్, రేచల్. రేచల్ మన ఏజెంట్. కాబట్టి చరణ్."

"కావ్యకు చెప్పనా?"

"చెబితే ఎగరదు. ఎగరకపోతే ముఠా బయటపడదు."

"పిల్ల చచ్చిపోతే?"

చీఫ్ తీరిగ్గా టీ తాగాడు. "జాగ్రత్తగా చూసుకో."

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడికి ఇలాంటి బాస్ లేడు కాబట్టి ఆయనకు చెల్లింది.

మర్నాడు ప్రైవేట్ రన్‌వే మీద, తలకు తువ్వాలు చుట్టి, బ్యాటరీ ట్రాలీ తోసే హెల్పర్ వేషంలో బెంజిమిన్ ఉన్నాడు. కావ్య అతన్ని బాబాయ్ అని పిలుస్తోంది. నల్ల కళ్లద్దాలు, సిల్క్ స్కార్ఫ్‌తో రేచల్ వచ్చింది. ఆమెను తాకడానికి ఏప్రిల్ ఎండ కూడా మొహమాటపడుతున్నట్టుంది. సుమంత్‌తో ఆమెకు పెళ్లి ఖాయమై ఉండేది.

"ఈపూరు బస్సు పోయిందా?" అన్నాడు బెంజిమిన్.

"పోయింది. శావల్యాపురం బండి ఉంది." కోడ్ కలిసింది. "చరణ్ మీద కన్నేసి ఉంచు. పంపు నేనే చెక్ చేశా, ఫస్ట్ క్లాస్."

బెంజిమిన్ తండ్రి పందెం ఎడ్లను మేపినవాడు. బండలాగుడు పోటీ రోజున పరాయివాడు ఎద్దుకు నీళ్లు పెట్టబోతే, ముందు వాణ్ణే తాగమనేవాడు. తాగనివాడి వీపు చిట్లేది.

డేగ టెస్ట్ మోడల్ కాబట్టి వెనక ఇంకో సీటుంది.

"చరణ్ బాబూ, వెనక కూర్చుంటావా?"

"అడగాలా అన్నా? చానా రోజుల్నించి చూస్తన్నా!" చరణ్ అప్పటికే ఒక కాలు లోపల పెట్టాడు.

"దిగు. రేచలమ్మా, నువ్వెక్కు."

"నాకు కళ్లు తిరుగుతాయి."

"కూర్చుంటే తగ్గుద్దిలే." తువ్వాలు చాటున పిస్టల్ ఆమె డొక్కలో గుచ్చుకుంది. ఊపిరాడనంతగా బెల్టు బిగించాడు.

ముందు సీట్లోంచి కావ్య వెనక్కి తిరిగి నవ్వింది. "రా వదినా! అన్న ఉంటే ఎంత సంతోషపడేవాడో."

డేగ లేచింది. గెస్టుల టెంటులో విదేశీ స్పాన్సర్ ఓర్లాండ్ గొడుగు పట్టుకుని చూస్తున్నాడు. తన మనిషి లోపలుందని అతనికి కనబడుతూనే ఉంది. అందుకే పంపు ఆపే బటన్ నొక్కడని రేచల్ ఆశ. అతను గొడుగు పిడి మీదున్న ఆ బటన్ నొక్కి, నిమ్మరసం అందుకున్నాడు.

"బాబాయ్, పంపు ఆగింది!" రేడియోలో కావ్య. "టెంపరేచర్ అరవై... డెబ్బై..."

బెంజిమిన్ మైకు తీసుకున్నాడు. "రేచలమ్మా, నువ్వు లోపలున్నా మీవోళ్లు ఆపేశారు. చెప్తావా, చస్తావా?"

రేచల్ బెల్టు పీక్కుంటోంది.

"ఎనభై! బాబాయ్, ఏందిది? దిగే టైం కూడా లేదు!"

కావ్య తొంభై చెప్పింది. అప్పుడు రేచల్ అరిచింది.

"ఓర్లాండ్! గొడుగులో రిమోట్ ఉంది! కావ్యా, నీ సీటు కింద నల్ల డబ్బా పీకెయ్! నేనే పెట్టా!"

కావ్య పీకింది. పంపు మూలిగి తిరగడం మొదలెట్టింది. అంకె తొంభై నాలుగు దగ్గర ఆగి, మెల్లగా దిగింది.

టెంటులో బెంజిమిన్ ఓర్లాండ్ మణికట్టు మెలిపెట్టి విరిచి, గొడుగు లాక్కున్నాడు. కేసుకి అది చాలు. సుమంత్ కోసం రెండో చెయ్యి కూడా విరిచాడు.

డేగ దిగింది. బేడీలు పడుతున్న రేచల్ వైపు కావ్య చూడనేలేదు. నేరుగా బెంజిమిన్ దగ్గరికొచ్చింది.

"నీకు ముందే తెలుసా?" ఈసారి బాబాయ్ అనలేదు.

"తెలుసు."

"అది నోరు విప్పకపోయుంటే?"

"ఇద్దరూ పోయేవాళ్లు."

చెంపదెబ్బ టెంటు దాకా వినిపించింది. తర్వాత ఆమె అక్కడే కూలబడి "అన్నా" అంటూ ఏడ్చింది. ఓదార్చే అర్హత తనకు లేదని తెలిసి బెంజిమిన్ దూరంగా నిలబడ్డాడు. జీవితంలో అంత సిగ్గు అతనికెప్పుడూ వెయ్యలేదు.

ఫోన్ మోగింది. చీఫ్.

"శభాష్! బ్యాటరీ ఎలా ఉంది?"

"చల్లబడింది సార్," అన్నాడు బెంజిమిన్ చెంప తడుముకుంటూ. "పైలటే ఇంకా చల్లబడలేదు. మీ అడ్రస్ అడుగుతోంది."