జోడీలో రెండోది

శనివారం పొద్దున అజీజ్‌బీ చాయ్ వడపోస్తూ కప్పులు జోడీ కుదిరాయో లేదో చూసుకుంటోంది. ఆ ఇంట్లో ఏది కొన్నా జోడీగానే కొంటారు. కూతురు ఇరంకి గాజులు తెస్తే కోడలు కైసర్‌కీ అవే గాజులు, ఇరంకి నీలం పువ్వుల దుప్పటి తెస్తే కైసర్‌కీ అదే దుప్పటి. కోడల్ని తక్కువ చేసిందని రేగొండలో ఒక్కరూ నోరెత్తకూడదని ఆమె పంతం. కాకపోతే, కొన్న రోజునుంచే ఇరంది వాడకంలోకి పోయేది, కైసర్‌ది బీరువాలోకి పోయేది. మంచి వస్తువు, తొందరపడి పాతచేసుకోవడం దేనికని. ఆ బీరువా తాళంచెవి అజీజ్‌బీ కొంగున ఉండేది.

లాప్‌టాప్‌లు కూడా అలాగే వచ్చాయి. రెండేళ్ల కిందట ఇరం ఎంసీఏలో చేరింది, ఆ నెలలోనే కొడుకు ఖలీల్‌కు కైసర్‌తో పెళ్లయింది. అజీజ్‌బీ భర్త, పరుపుల దుకాణం నడిపే బాబామియా, ఆమె మాట జవదాటని మనిషి కాబట్టి, ఒకే రకానివి రెండు మోసుకొచ్చాడు. కంప్యూటర్లు ఒక సబ్జెక్టుగా డిగ్రీ చేసిన కైసర్ టీచర్ పరీక్షకు దాని మీద చదువుకుంటానంది. అజీజ్‌బీ వద్దనలేదు. రంజాన్ పోనీ అంది, బక్రీద్ పోనీ అంది. ఆ తర్వాత కైసర్ అడగడం మానేసింది, అజీజ్‌బీ ఆ సంగతే మర్చిపోయింది.

ఖలీల్ అప్పటికే దుకాణం తెరవడానికి పోయాడు. చాయ్ కప్పులు ఇంకా వరండాలోకి పోకముందే ఇరం ఏడుపు ముఖంతో లాప్‌టాప్ పట్టుకొని వచ్చింది. సోమవారం నుంచి ఆమెకు కొత్త ఉద్యోగం. ఇంట్లో కూర్చునే చేయవచ్చు గానీ, సొంత లాప్‌టాప్ ఉండాలన్నారు. దానికోసమని సిస్టంని కొత్త రకానికి మార్చబోతే జాగా చాల్లేదు. వెతికితే రికవరీ అని ఒక భాగం కనిపించింది. ఎప్పుడూ వాడింది లేదు, ఊరికే చోటు తింటోందని దాన్ని తీసిపారేసింది. మార్పిడి మధ్యలో ఆగిపోయింది. ఇప్పుడు ఎన్నిసార్లు వేసినా నీలం తెర తప్ప ఇంకేం రావడం లేదు.

ఇరం తనతో చదివిన నరేందర్‌కు ఫోన్ చేసింది. అతనికి భూపాలపల్లిలో కంప్యూటర్ల దుకాణం ఉంది. అతను ముందు నాలుగు చివాట్లు పెట్టి, తర్వాత విడమరచి చెప్పాడు. లాప్‌టాప్ చెడిపోతే మళ్లీ మొదట్లో ఉన్నట్టు చేసుకోవడానికి కంపెనీవాళ్లు లోపల విడిగా దాచిపెట్టే భాగమట అది. దాన్ని తీసేశాక సిస్టం తనంతట తాను బాగుపడలేదట. అదే మోడల్‌ది ఇంకొకటి దొరికితే, దానిలోంచి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకొని దీన్ని నిలబెట్టవచ్చట.

ఇరం చూపు బీరువా వైపు పోయింది. కోడల్ని దుల్హన్ అనే పిలిచే అజీజ్‌బీ ఇంకా ముందుకు పోయింది.

"దీనికింత పరేషాన్ ఎందుకు? దుల్హన్‌ది ఉన్నది కదా. ఇరం గదే తీస్కుంటది. రెండేండ్ల సంది దుల్హన్ దాన్ని ముట్టనన్నా ముట్టలే."

రొట్టెలు వత్తుతున్న కైసర్ చేయి ఆగింది. ఆ ఇంట్లో కాలుపెట్టిన నాటినుంచి అత్త మాటకు ఎదురు చెప్పి ఎరగని పిల్ల. పిండి చేతులు ఒళ్లో పెట్టుకొని, "నేనియ్య అమ్మీ" అంది.

బాబామియా చాయ్ కప్పు నోటిదాకా తెచ్చి ఆపాడు. అజీజ్‌బీకి ఒళ్లు మండిపోయింది. కన్నకూతురితో సమానంగా చూసుకున్నందుకు ఇదా ఫలితమని, ఏనాడైనా నీకో తీరు దానికో తీరు చేశానా అని, గాజుల దగ్గర్నుంచి ఒక్కొక్కటీ ఎత్తి చెప్పింది. కైసర్ అంతా విన్నది.

"కొన్నరు అమ్మీ. కాదంటలేను. కానీ ఒక్కటన్నా నా చేతికి రాలే. చేతికి రానిదాన్ని ముట్టలేదంటే ఎట్ల?" ఆమె పిండి చేతులు తుడుచుకుంది. "ఇరం పని ఆగొద్దు. దానిలకెళ్లి తీసి ఇరందాన్ని నేనే బాగుచేస్త. లాప్‌టాప్ మాత్రం నాది."

అజీజ్‌బీ తాళంచెవి విప్పి చాప మీద పడేసి, గోడవైపు తిరిగి కూర్చుంది.

కైసర్ అట్టపెట్టె తెచ్చి ప్లాస్టిక్ కవర్ విప్పింది. ఛార్జర్ పెట్టి మీట నొక్కింది. వెలగలేదు. మళ్లీ నొక్కినా వెలగలేదు. ఇరం గోళ్లు కొరుక్కుంది. అజీజ్‌బీ కోపం మరచి ఇటు తిరిగింది.

"కొత్తదే కదా. ఎవ్వలు ముట్టలే కదా?"

"ముట్టకనే అమ్మీ," అంది కైసర్, ఎత్తిపొడుపేమీ లేకుండా. "వాడకుంటె బ్యాటరీ లోపల్నే ఖరాబైతది. జర ఆగి చూద్దాం."

ఎవరూ కదల్లేదు. రొట్టెలు అలాగే ఉండిపోయాయి. చాలాసేపటికి చిన్న దీపం వెలిగింది, తర్వాత తెర వెలిగింది. అజీజ్‌బీ తనకు తెలియకుండానే అల్లాకు శుక్రియా చెప్పుకుంది.

ఆ తర్వాత వదినామరదళ్లు తలలు దగ్గర పెట్టుకొని కూర్చున్నారు. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కడానికే మధ్యాహ్నమైంది. దాన్ని ఇరం లాప్‌టాప్‌కు పెట్టారు. ఒకసారి మొరాయించింది, నరేందర్‌ను అడిగి మళ్లీ మొదలుపెట్టారు. పొద్దుగూకే వేళకు నీలం తెర పోయి, కొన్న రోజున ఎలా ఉందో అలా తెరుచుకుంది. పోయిన రికవరీ భాగం కూడా మళ్లీ దాని చోట్లో అది కూర్చుంది. ఇరం వదినను గట్టిగా వాటేసుకుంది.

కైసర్ నవ్వి, తన లాప్‌టాప్ మూసింది. ప్లాస్టిక్ కవర్ తొడిగి, పెట్టెలో సర్ది, తాళంచెవి తీసుకొని బీరువా వైపు నడిచింది. పొద్దున అంత గట్టిగా నాదన్న పిల్ల, ఎవరూ చెప్పకుండానే దాన్ని మళ్లీ దాచిపెట్టబోతోంది.

అది చూసి అజీజ్‌బీ గుండె కలుక్కుమంది. రెండేళ్లలో తాను ఈ పిల్లకు నేర్పింది ఇదా అనిపించింది. కళ్లలో నీళ్లు ఆగలేదు.

"పెట్టకు బేటా. ఖరాబైతది," అంది. "కొత్తగ ఉండాలె అనుకుంట నిన్ను కూడ గా బీరువాలనే పెట్టిన. తాళం నీ దగ్గర్నే ఉంచుకో. రేపు పొద్దుగాల్నుంచి నువ్వు చదువుకో, రొట్టెలు నేను చూస్కుంట."

కైసర్ అత్త భుజం మీద తల పెట్టింది. బాబామియా మెల్లగా ఆ పెట్టె అందుకొని ఇరం లాప్‌టాప్ పక్కన పెట్టాడు.

కాసేపటికి కైసర్ బీరువాలోంచి నీలం పువ్వుల దుప్పటి తీసి మంచం మీద పరిచింది. మడతలు పడ్డచోట నీలం వెలిసిపోయి ఉంది. అజీజ్‌బీ ఆ గీతల్ని అరచేత్తో తడిమి, కళ్లు తుడుచుకొని, కోడల్ని పక్కన కూర్చోబెట్టుకుంది.