అడుగు లేని వల

"ఏటే, ఇనప రింగుకి నాలుగు సావడాలు యాలాడగడితే నీ సొమ్మేటి పోయింది?" అంది లక్ష్మణమ్మ.

"సొమ్ము పోలేదమ్మా, రింగు పోతాది. అది బాస్కెట్‌బాల్ ఆడుకోడానికి. నీ ఎండు సేపల దండెం కాదు."

"దండెం కాకపోతే అంత ఎత్తులో ఎందుకు కట్టించేవు?"

తులసి స్టూలెక్కి తాడు విప్పసాగింది. బెల్టుల్లా పొడుగ్గా ఉన్న ఎండు సావడాలు ఆమె భుజానికి తగులుతున్నాయి. సముద్రంలో చేపల వేట నిషేధం ఉన్న రోజులు. ఊళ్ళో పడవలన్నీ ఒడ్డు మీదే ఉన్నాయి. కూరకి నిల్వ ఎండు చేపలే దిక్కు. వానలు మొదలవకముందే వాటికి ఒకసారి ఎండ చూపించాలి. అమ్మ మాటలో న్యాయం ఉందని తులసికి తెలుసు. అందుకే ఇంకా చిరాగ్గా ఉంది.

"ఈశ్వర్ బావ వస్తన్నాడు. మ్యాచ్ సూసే ముందు రెండు షాట్లు ఏసుకుంటాం."

"ఏసుకోండి. సేపలు అడ్డమొస్తాయేటి?"

"బంతి తగిలి ఒక్క ముక్క ఇరిగితే ఊరంతా ఇనపడేలా అరుస్తావు."

డాబా మూల నీడలో వల బాగుచేసుకుంటున్న తండ్రి ఎల్లాజీ తలెత్తాడు. "ఆ తాడిలా తే. ఈ గుంజకి కడతాను. పొద్దున్నే మీ గోలేటి."

రింగుకు ఉన్న వల కూడా ఎల్లాజీ అల్లినదే. భోగాపురం బళ్ళో తులసి పీఈటీగా చేరాక, సాధన చేసుకోవడానికి డాబా మీద రింగు పెట్టించుకుంది. వల నేను అల్లుతానన్నాడు ఎల్లాజీ. మంచి నైలాన్ దారంతో, చక్కని కన్నుతో అల్లి, అడుగు బిగించి ముడేశాడు. తులసి వేసిన మొదటి బంతి అందులో పడి అక్కడే ఉండిపోయింది. "అడుగు ఇప్పాలి నాన్నా, బంతి కిందికి రావాలి" అంటే, "వల్లో పడ్డది బయటికెల్లిపోతే అది వలేటే" అని ఆయన చాలాసేపు ఒప్పుకోలేదు.

ఈ రోజు చూడబోయే మ్యాచ్ యూరప్ క్లబ్బుల బాస్కెట్‌బాల్ ఫైనల్. తులసీ, ఆమె మేనత్త కొడుకు ఈశ్వరూ విజయనగరంలో ఒకే కోర్టులో ఆట నేర్చుకున్నారు. అప్పటి నుంచీ ఏటా ఆ ఫైనల్ కలిసే చూస్తారు. అక్కడ ఆట జరిగే వేళకి ఇక్కడ ఊరంతా నిద్రలో ఉంటుంది. పైగా ఈశ్వర్ కొత్త విమానాశ్రయంలో ఎలక్ట్రీషియన్, డ్యూటీలు ఎప్పుడు పడతాయో తెలియదు. అందుకని మర్నాడు రికార్డింగ్ చూస్తారు. అప్పటిదాకా స్కోరు చూడకూడదు. అది మాట.

ఆ జట్ల పేర్లు ఇంట్లో ఎవరి నోటికీ తిరగవు. కాబట్టి ఒకరు పచ్చోళ్ళు, ఇంకొకరు ఎర్రోళ్ళు. తులసిది పచ్చ జట్టు, ఈశ్వర్‌ది ఎర్ర జట్టు. ఈసారి పందెం కూడా ఉంది. గెలిచినవాళ్ళు ఒకటి కోరాలి, ఓడినవాళ్ళు ఎందుకని అడక్కుండా చెయ్యాలి.

తులసి ఏం కోరాలో ముందే అనుకుంది. పాటియాలాలో కోచింగ్ డిప్లొమాకి ఆమెకు సీటొచ్చింది. ఏడాది చదువు. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇంట్లో అందరికీ తెలిసింది వేరే ఉంది. శ్రావణంలో తులసికీ ఈశ్వర్‌కీ పెళ్ళి. వాళ్ళు ఉయ్యాల్లో ఉన్నప్పుడే అనుకున్నది కనుక ఇప్పుడు వాళ్ళని ఎవరూ అడగలేదు. ఈశ్వర్ కూడా అడగలేదు. అతనికి ఇష్టమో, పెద్దల మాటకి తలూపాడో ఆమెకు తెలియదు.

పచ్చ జట్టు గెలిస్తే పెళ్ళి ఏడాది ఆపమంటుంది. ఎర్ర జట్టు గెలిస్తే పాటియాలా మాటే ఎత్తదు. ఇంత విషయాన్ని ఎక్కడో ఉన్న పొడుగాటి మనుషుల చేతుల్లో పెట్టడం తప్పని తెలుసు. కానీ నోరు తెరిచి అడగడం కన్నా అది తేలిగ్గా ఉంది.

ఆ ఊళ్ళో అడగడం అలవాటు లేదు. పడవ తిరిగొస్తుంటే ఎన్ని పడ్డాయని ఎవరూ అడగరు, అడిగితే మంచిది కాదంటారు. పడవ నీళ్ళలో ఎంత లోతుకి దిగి వస్తోందో చూసి ఆడవాళ్ళు గంపలు సర్దుకుంటారు. తులసి మనుషుల్ని చూడడం కూడా అలాగే నేర్చుకుంది.

ఈశ్వర్ తన తల్లి పైడమ్మని బండి మీద తీసుకొచ్చాడు. ఆవిడ తిన్నగా వంటింట్లోకి వెళ్ళింది. అతను డాబా మీదికొచ్చి, బంతి అందుకుని వేశాడు. అది రింగుకైనా తగల్లేదు.

తులసి అతన్ని పైనుంచి కిందదాకా చూసింది. "నువ్వు స్కోరు సూసీసేవు."

"సూళ్ళేదు."

"మరెందుకలాగున్నావు? ఎర్రోళ్ళు ఓడిపోయేరు కదా?"

"ఎలాగున్నాను?"

"ఖాళీ పడవలాగ."

"నైట్ డ్యూటీ సేసొచ్చేనే. నిద్ర లేదు."

"నిద్ర లేకపోతే కళ్ళు ఎర్రగుంటాయి. మొహం ఇలాగుండదు. మాట తప్పేవు బావా."

"తప్పింది నాను కాదులే" అని బంతి ఆమె చేతికిచ్చి కిందికి దిగిపోయాడు.

టీవీ ముందు ఇద్దరూ చెరో కుర్చీలో కూర్చున్నారు. మొదటి సగం ఎర్ర జట్టుదే. ఈశ్వర్ మొహంలో సంతోషం లేదు. అది చూసి తులసికి ధైర్యం వచ్చింది. పచ్చోళ్ళు తర్వాత పుంజుకుంటారన్నమాట. మూడో క్వార్టర్ అయింది. ఇంకా వెనకే ఉన్నారు. ఫరవాలేదనుకుంది. చివర్లో నిజంగానే దగ్గరికొచ్చారు. ఇంకొక్క బుట్ట పడితే సమం. పచ్చ జెర్సీ కుర్రాడు దూరం నుంచి వేశాడు. బంతి రింగు మీద ఒక చుట్టు తిరిగి, లోపలికి చూసి, బయటికి పడింది.

బజర్ మోగింది. ఎర్ర జెర్సీల వాళ్ళు ఒకరి మీద ఒకరు పడ్డారు.

తులసి టీవీని వదిలేసి అతన్ని చూసింది. అతని మొహం పొద్దున్న ఎలా ఉందో అలాగే ఉంది.

"నిజంగా సూళ్ళేదా?"

"సెప్పేను కదా."

"మరేటి?"

"పొద్దున్న గోపీ సారు ఫోన్ సేసేరు." గోపీ సార్ వాళ్ళిద్దరికీ ఆట నేర్పిన కోచ్. "తులసికి సీటొచ్చినాది, యేడాది ఒక్కడివీ ఎలాగుంటావయ్యా అని నవ్వేరు. నానూ తెలిసినట్టే నవ్వేను."

తులసి ఆ నవ్వు ఎలా ఉండి ఉంటుందో ఊహించుకుంది.

"నాకైనా సెప్పొచ్చు కదే" అన్నాడు.

"నువ్వేటైనా అడిగేవా? పెళ్ళన్నారు. నీకిష్టమేనేటి అని ఒక్కసారైనా అడిగేవా?"

"నిన్ను సూస్తే తెలస్తాదనుకున్నాను."

"నానూ అలాగే అనుకున్నాను. ఇందాక నిన్ను సూసి ఎంత తప్పు సెప్పేనో ఇన్నావు కదా."

ఈశ్వర్ టీవీ కట్టేశాడు. వంటింట్లో వదినా మరదళ్ళ మాటలు వినిపిస్తున్నాయి. అతను కుర్చీ ఇటు తిప్పుకున్నాడు.

"అయితే అడుగుతన్నాను. నానంటే ఇష్టమేనా?"

"పందెం గెలిచేవని అడుగుతన్నావా?"

"పందెం వేరేగా ఉన్నాది. ఇది ఉట్టినే."

తులసి చున్నీ మీద లేని దుమ్ము దులుపుకుంది. "ఇష్టమే. నీకో?"

"టెన్త్‌లో అందరి ముందూ నా షాట్ బ్లాక్ సేసేవు సూడు. అప్పట్నుంచి."

"అప్పుడు ఏడిసేవు."

"ఏడిస్తే ఇష్టం కాదేటి?"

ఆమె నవ్వింది. అతనూ నవ్వాడు. ఆ రోజు అతని మొహం మీద మొదటి నవ్వు అదే.

"ఇప్పుడు పందెం" అన్నాడు. "అన్నాల దగ్గర ముహూర్తం మాటొస్తాది. పాటియాలా సంగతి నువ్వే సెప్పాలి. నా సేత సెప్పించకూడదు."

"అత్త ఊరుకోదు బావా. అయినా నానే ఎందుకు..."

"ఎందుకని అడక్కూడదు. ఓడిపోయేవు."

ఎండు సావడాలూ వంకాయా కలిపి పెట్టిన పులుసు వాసన ఇల్లంతా నిండింది. అందరూ కింద వరసగా కూర్చున్నారు. లక్ష్మణమ్మ వడ్డిస్తోంది. రెండు ముద్దలు తినేసరికే పైడమ్మ అంది, "శ్రావణంలో రెండో వారం బాగుందన్నారు పంతులుగారు. ఏటంటావు అన్నయ్యా?"

ఎల్లాజీ నోరు తెరిచేలోగా తులసి చెయ్యి కంచంలో ఆపింది.

"శ్రావణంలో వద్దత్తా. నాకు పాటియాలాలో కోచింగ్ సదువుకి సీటొచ్చింది. యేడాది. నాను ఎల్తాను."

గరిటె గిన్నెలోనే ఆగిపోయింది.

"పాటియాలా ఎక్కడున్నాదే?" అంది పైడమ్మ.

"పంజాబులో."

"పెళ్ళి పెట్టుకుని పంజాబేటే? ఒరే, నువ్వైనా సెప్పరా."

"నన్నడక్కు. పెళ్ళి దానిది కూడా" అన్నాడు ఈశ్వర్, ముల్లు తీసుకుంటూ.

పైడమ్మ అన్న వైపు చూసింది. ఎల్లాజీ అన్నం కలుపుతున్నాడు.

"ఆ రింగు వలకి అడుగు ఇప్పమన్నప్పుడు నాకు మనసొప్పలేదు" అన్నాడు చివరికి. "ఇప్పేను. అప్పుడే ఆట బాగుందన్నావు." కూతురి వైపు చూశాడు. "వస్తావు కదా మళ్ళీ?"

"వస్తాను నాన్నా. వచ్చే వేట నిషేధంలో పెళ్ళి. పడవలన్నీ ఒడ్డునుంటాయి, ఊరంతా ఉంటాది. నాను బావనే సేసుకుంటాను." చివరి మాట కొంచెం గట్టిగా వచ్చింది. ఈశ్వర్ చెవులు ఎర్రబడ్డాయి.

లక్ష్మణమ్మ గిన్నెలోంచి పెద్ద సావడా ముక్క ఒకటి ఏరి కూతురి కంచంలో వేసింది. మరో గరిటెడు పులుసు పోసింది. కళ్ళు తుడుచుకోలేదు గాని ఒకసారి గుమ్మం వైపు తిరిగింది.

"అయితే యేడాది పాటు ఆ రింగు నాదే" అంది.