అన్న ఇంకా లాగిన్‌లోనే ఉన్నాడు

చనిపోయిన అన్న ఆఫీసు సర్వర్‌లోకి లాగిన్ అయ్యాడని చీఫ్ ఫోన్ చేసినప్పుడు ఏజెంట్ నీడకు ఒళ్ళు జలదరించింది. అన్న కూడా ఏజెంటే. విదేశీ ముఠా మాటువేసి కాల్చేస్తే పోయాడు. తన చేతులతోనే సాగనంపి వచ్చాడు నీడ.

కంట్రోల్ రూమ్‌లో చీఫ్ ముఖాన నెత్తురు చుక్క లేదు. తెర మీద అన్న పేరు పచ్చగా వెలుగుతోంది. సరిహద్దు అవతల మారుపేర్లతో బతుకుతున్న ఏజెంట్ల వివరాలన్నీ ఆ పేరు మీద బయటికి కాపీ అవుతున్నాయి. ఆఖరి ముక్క కూడా అందితేగాని ఆ ఫైల్ తెరుచుకోదు. అందిందా, వాళ్ళలో ఒక్కరూ ప్రాణాలతో ఇల్లు చేరరు. అన్న కోడ్‌వర్డ్‌ను పోయిన రోజే తానే చెరిపేశానని చీఫ్ ఒట్టేసి మరీ చెప్పాడు. కోడ్‌వర్డ్‌ల జాబితా తెరిచి చూపించాడు కూడా. నిజమే, లేదు.

నీడ చాట్‌లో టైప్ చేశాడు.

"అన్నా, నువ్వేనా?"

"నేనేరా బుడ్డోడా. అడ్డం రాకు."

గుండె ఝల్లుమంది. ఒక్క క్షణం నమ్మేయాలనిపించింది. ఆ పేరుతో అన్న ఒక్కడే పిలిచేవాడు. అది విన్న బయటిమనిషీ ఒక్కతే. అన్న పెళ్ళాడబోయిన అందగత్తె, తను నోరారా వదినా అని పిలిచిన ఏజెంట్ నెమలి. ఆ రోజు అన్న ఏ దారిన వస్తాడో ముఠాకు ఎవరు చెప్పారో ఇప్పుడర్థమైంది. మరి లేని కోడ్‌వర్డ్‌తో ఎలా వచ్చింది?

"సార్, అన్న పోయాక ఈ సర్వర్‌ని ఎప్పుడైనా ఆపారా?"

"ఆపడమా? పెట్టిన రోజు నుంచి ఒక్కసారి కూడా ఆగలేదయ్యా. అది మన పరువు."

అక్కడే దెబ్బ తిన్నారు. కోడ్‌వర్డ్‌ల జాబితాను సర్వర్ లేచేటప్పుడు ఒక్కసారే చదువుకుంటుంది. ఆ తర్వాత అంతా జ్ఞాపకం మీదే నడుపుతుంది. జాబితాలో ఎంత చెరిపినా దానికి పట్టదు. అన్న పోయాడని దానికి ఎవరూ చెప్పనేలేదు.

కాపీ చివరికొచ్చేసింది. రీస్టార్ట్ మీద వేలు పెట్టిన నీడకు చెయ్యి ఆడలేదు. లోకం మొత్తంలో అన్న ఇంకా ఉన్నాడనుకునేది ఇదొక్కటే. ఏడుపు దిగమింగి నొక్కేశాడు. ఆఖరి ముక్క వెళ్ళేలోగా తెర నల్లబడింది.

సాయంత్రానికి నర్సు వేషంలో రైలెక్కబోతూ నెమలి దొరికిపోయింది.

తన సర్వర్‌కేమీ కాలేదు కదా అని చీఫ్ బెంగగా అడిగాడు. నీడ తెర వైపు చూశాడు. అన్న పేరు లేదు.

"ఏమీ కాలేదు సార్. చావు కబురు దానికి కాస్త చల్లగా అందింది, అంతే."