కువైట్ వకీలమ్మ అడిగిన మాట

"గిది నేను తర్జుమా చెయ్య," అని శివకుమార్ కాగితాన్ని నిఖిత ముందుకే తోశాడు.

బోధన్ బస్టాండు ఎదుట జిరాక్స్ దుకాణం అతనిది. కువైట్‌లో ఆరేళ్లు డ్రైవరుగా ఉండి అరబ్బీ నేర్చుకొచ్చాడు. నిఖిత అన్న రాజలింగు అదే కువైట్‌లో జైల్లో ఉన్నాడు. యజమానిని వదిలి పారిపోయాడని కేసు.

"ఎందుకు చెయ్యవు? ముఫ్త్‌ల అడుగుతున్ననా?"

"మీ అన్న పని ఇడిసి పోలేదని రాసినవు. పోకుంటే జైల్ల ఎందుకుంటడు? వకీలుకే అబద్ధం చెప్తే ఏం వాదిస్తరు?"

పని వదిలి దొంగచాటుగా బతికేవాణ్ణి ఇక్కడ ఖల్లివెల్లి అంటారు. ఆ పేరొస్తే కొడుక్కు పిల్లనెవరిస్తారని తల్లి అంజవ్వ రాయించిన కాగితం అది. నిఖిత విసురుగా వెళ్లిపోయింది.

మర్నాడు వానలో తడిసి ముద్దయి వచ్చింది. అతనిచ్చిన తువ్వాలతో తల తుడుచుకుంటూ అసలు సంగతి చెప్పింది. వీసా డ్రైవరుది. దిగాక ఎడారిలో మేకల దగ్గర పడేశారు. నాలుగో నెల అన్న పారిపోయాడు.

"గీ మాటే మీ అన్నను బయట పడేస్తది," అన్నాడతను. ఆ సాయంత్రం ఇద్దరూ దుకాణం మూయడం మరిచిపోయారు.

కువైట్ నుంచి తిరిగొచ్చినవాళ్లు మూడు నంబర్లిచ్చారు. ఇద్దరు వకీళ్లు వారంలో విడిపిస్తాం, గ్యారంటీ అన్నారు. మూడో ఆమె మరియం, గ్యారంటీ లేదు, నిజం చెప్పండి, వీసా కాపీ పంపండి అంది. నిఖిత ఆమెనే పట్టుకుంది.

మొదటి వీడియో కాల్‌లోనే వకీలమ్మ ఎవరెవరు ఏమవుతారో రాసుకుంది. "నేను వీళ్లకు ఏమీ కాను, తర్జుమా చేస్తా," అన్నాడు శివకుమార్. నిఖిత ముఖం తిప్పుకుంది.

వకాలత్ కాగితం మీద ముద్ర ఒకటి తక్కువైందని రెండుసార్లు వెనక్కొచ్చింది. రెండుసార్లూ ఆ ముద్ర కోసం నిఖిత హైదరాబాదు బస్సెక్కింది. మూడోసారి ఎక్కుతుంటే, బస్ పాస్ తీసుకొమ్మని ఎగతాళి చేసి, పక్క సీట్లో అతనూ కూర్చున్నాడు.

చివరికి ఆ వీసా కాపీయే కేసు కొట్టేయించింది. నిఖిత ఇంటికి చేసిన వీడియో కాల్‌లో, శుక్రవారం రాజలింగు విమానం ఎక్కుతాడని చెప్పి, వకీలమ్మ నవ్వుతూ ఇంకేదో అడిగింది. శివకుమార్ దాన్ని తర్జుమా చెయ్యలేదు.

"ఏమంటున్నది?" అంది నిఖిత.

"ఇప్పటికీ నేను మీకు ఏమీ కానా అని అడుగుతున్నది."

"మా అన్నకు బావ అయితడని చెప్పు."

అతను ఫోను వదిలి ఆమెవైపు తిరిగాడు.

"అబద్ధమైతే చెయ్యనంటివి గద. గిది నిజమే, చెయ్యి."

పక్కనే కూర్చుని బీడీలు చుడుతున్న అంజవ్వ చేతులు ఆగాయి. ఇద్దరినీ చూసి, మళ్లీ ఆకు అందుకుంది.

"చెప్పు కొడుకా, ఆమె ఎంతసేపు కూసుంటది."